ఎడమ గాలికో తప్పు, కుడి గాలికో తప్పు: క్రాస్‌విండ్ (పక్కగాలి) ల్యాండింగ్‌లో ఒక కేసు

విద్యార్థిని వయసు 20, ఊరు తెనాలి. విమానం జీ1000 అనే డిజిటల్ తెరల ప్యానెల్ ఉన్న సెస్నా 172ఎస్. ఉదయం పూట గాలి ఊపందుకోకముందే ఎగిరి నేర్చుకుంది, ఆ వేళల్లోనే సోలో (ఒంటరిగా ఎగరడం) అయింది. సర్క్యూట్ (ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), స్పీడ్, రేడియో మాట, చెక్‌లిస్ట్ దేనికీ వంక పెట్టేది లేదు. సాయంత్రం స్లాట్‌కు మార్చిన వారంలోనే ల్యాండింగులు చెడిపోయాయి.

ట్రైనింగ్ రికార్డు తిరగేస్తే ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు రాసిన రిమార్కులు ఒకదానికొకటి పొసగవు. ఒకరిది: "రడ్డర్ వాడటం లేదు, క్రాబ్‌లోనే దించేస్తోంది." నాలుగు రోజుల తర్వాత ఇంకొకరిది: "రడ్డర్ మరీ ఎక్కువ తొక్కుతోంది, ముక్కు అవతలికి పోతోంది." రడ్డర్ అంటే కాలి పెడల్‌తో నడిచే తోక పలక, ముక్కును ఎడమకో కుడికో తిప్పుతుంది; క్రాబ్ అంటే గాలికి కొట్టుకుపోకుండా ముక్కును గాలి వైపు తిప్పి వాలుగా రావడం. ఒకరు తొక్కమన్నారు, ఇంకొకరు తొక్కొద్దన్నారు. మధ్యలో పిల్ల అయోమయంలో పడి, ఫ్లేర్‌లో (నేల తగిలే ముందు ముక్కు ఎత్తే దశలో) కాళ్లు బిగబట్టేయడం మొదలుపెట్టింది. మా చేతికి వచ్చేసరికి పరిస్థితి ఇది.

ముందు గాలి సంగతి

మేం ఎగిరే గన్నవరం (విజయవాడ) ఎయిర్‌పోర్టు రన్‌వే 08/26 (పక్కన సున్నా చేరిస్తే దిక్సూచి డిగ్రీలు: 80, 260), అంటే దాదాపు తూర్పు పడమరలు. నైరుతి రుతుపవనాల్లో పడమటి గాలి జోరుగానే ఉంటుంది కానీ దానిలో ఎక్కువ భాగం ఎదురుగాలి. 240 డిగ్రీల దిక్కు నుంచి 16 నాట్లు వీస్తోందనుకోండి. రన్‌వే 26తో తేడా 20 డిగ్రీలే. పక్కనుంచి తోసేది ఐదున్నర నాట్లు, ఎదురుగా వచ్చేది 15. ఫైనల్‌లో (రన్‌వేకు తిన్నగా దిగుతూ వచ్చే చివరి దారిలో) 65 నాట్లతో వస్తే నేలకు సాపేక్షంగా 50 దగ్గర దిగుతాం. కాస్త కుదుపులుంటాయి తప్ప దించడం సుఖం.

ఎండాకాలం సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి అలా కాదు. 160 నుంచి 10 నాట్లు అని టవర్ చెప్తే వినడానికి హాయిగా ఉంటుంది. రన్‌వే 08తో తేడా 80 డిగ్రీలు. పదికి పది పక్కగాలే, ఎదురుగాలి రెండు నాట్లు కూడా లేదు. నేల మీద వేగం తగ్గదు, విమానం తేలుతూ పోతుంది. దానికి ఎండ తోడు. 40 డిగ్రీల వేడిలో గన్నవరం డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచనను బట్టి విమానానికి అనిపించే ఎత్తు) 3,000 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. మీటర్‌లో 65 అన్నా అసలు వేగం 68. కొత్త విద్యార్థికి రుతుపవనం 16 నాట్ల కంటే పైరగాలి 10 నాట్లే కష్టం.

ఈ కేసుకు అసలు కీలకం ఇంకొకటి. అదే పైరగాలి కాస్త తిరిగి 180 నుంచి వీస్తే 26 వాడుకలోకి వస్తుంది. 08 మీద కుడి నుంచి కొట్టిన గాలి 26 మీద ఎడమ నుంచి కొడుతుంది. గాలి తిరిగింది 20 డిగ్రీలే, విద్యార్థికి మాత్రం సమస్య అటుదిటు అయిపోయింది. రిమార్కులు రాసిన ఇద్దరిలో ఒకరు 26 మీద ఎగిరారు, ఒకరు 08 మీద. ఇద్దరూ రన్‌వే నంబర్ రాయలేదు. క్రాస్‌విండ్ గురించి రిమార్కు రాసేటప్పుడు రన్‌వే, గాలి దిక్కు, వేగం మూడూ లేకపోతే ఆ రిమార్కు తర్వాతివాళ్లకు పనికిరాదు.

లెక్కకు త్రికోణమితి సైన్ పట్టిక అక్కర్లేదు, గడియారం చాలు. గాలికీ రన్‌వేకీ తేడా 15 డిగ్రీలైతే గాలిలో పావు వంతు పక్కగాలి, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం. ఫైనల్‌లో టవర్ మాట వినగానే నోటితో లెక్క చెప్పించాలి: "గాలి కుడి నుంచి, తేడా 80, మొత్తం, పది." వైపు ముందు, అంకె తర్వాత. వైపు తప్పు చెప్పిన విద్యార్థి అంకె ఎంత ఒప్పుగా చెప్పినా ప్రయోజనం లేదు.

మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక) లోని గాలి అంకె పది నిమిషాల సగటు, టవర్ చెప్పేది రెండు నిమిషాల సగటు. మెటార్‌లో గస్ట్ (ఒక్కసారిగా ఎగసే గాలి) కనిపించాలంటే సగటు కంటే కనీసం 10 నాట్లు పైకి పోవాలి. అంటే 10 నాట్ల గాలి మధ్యమధ్య 18 కొడుతున్నా మెటార్ ఉత్త 10 అనే చూపిస్తుంది. కనుక విండ్‌సాక్ (రన్‌వే పక్కన గాలి చూపే గుడ్డ సంచి) చూడటం మానకూడదు. అది పడి లేస్తుంటే గాలి మీద నమ్మకం పెట్టుకోవద్దు.

డేటా ఏం చెప్పింది

జీ1000 తన ఎస్‌డీ కార్డులో సెకనుకు ఒక వరుస చొప్పున డేటా రాసుకుంటుంది: హెడింగ్, ట్రాక్, స్పీడ్, అడ్డంగా పడే త్వరణం, ఇంకా చాలా. చాలా స్కూళ్లలో ఈ కార్డు ఏదైనా గొడవ జరిగితేనే బయటికి తీస్తారు. శిక్షణకు ఇంతకంటే చవకైన సాధనం లేదు. ల్యాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్‌గా తెరిచి, చక్రం తగలడానికి ముందు సెకను వరుస పట్టుకుని హెడింగ్, ట్రాక్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ట్రాక్ అంటే విమానం నిజంగా పోతున్న దారి, హెడింగ్ అంటే ముక్కు చూస్తున్న దిక్కు. రెండూ ఒకటైతే చక్రాలు సాఫీగా దొర్లుతాయి. తేడా ఉంటే టైరు రాసుకుంటుంది.

26 మీద, ఎడమ గాలిలో: ట్రాక్ 260, హెడింగ్ 252. ముక్కు ఎనిమిది డిగ్రీలు ఎడమకు.

08 మీద, కుడి గాలిలో: ట్రాక్ 079, హెడింగ్ 073. ముక్కు ఆరు డిగ్రీలు ఎడమకు.

రెండు వరుసలూ పక్కపక్కన పెట్టగానే విషయం బయటపడింది. రిమార్కులు ఎదురెదురుగా ఉన్నా ఫలితం ఒక్కటే: గాలి ఎటునుంచి వచ్చినా ముక్కు ఎడమకే. అప్పుడు ఉదయం పూట, గాలి లేని రోజుల డేటా తీశాం. అందులోనూ చివరి సెకన్లలో హెడింగ్ రెండు మూడు డిగ్రీలు ఎడమకు జారుతోంది. గాలి లేనప్పుడు అంత చిన్న తేడాను ఎవరూ పట్టించుకోరు, ల్యాండింగ్ బాగుందనే రాస్తారు. తప్పు సోలోకు ముందు నుంచే ఉంది, గాలి దాన్ని పైకి తెచ్చింది.

ముక్కు ఎడమకు ఉన్నప్పుడు దిగితే 172 కుడికి కుదుపుతుంది. బరువు కేంద్రం వెనక చక్రాల కంటే ముందుంటుంది కాబట్టి చక్రాలు విమానాన్ని పోతున్న దారికి లాక్కుంటాయి. ముందు చక్రం ఉన్న విమానాల్లో ఇది కొంత మేలు, తనంతట తాను సర్దుకుంటుంది. అయినా ప్రతిసారీ ఆ కుదుపు టైరు మీదా గేర్ మీదా పడుతుంది. తోక చక్రం ఉన్న విమానంలో అయితే ఇదే తప్పు గ్రౌండ్ లూప్ (నేల మీదే గిర్రున తిరిగిపోవడం) అవుతుంది.

వేలు పెట్టి చూపించమన్నప్పుడు

విమానాన్ని టాక్సీవే మీద, ముందు చక్రం సరిగ్గా పసుపు గీత మీద ఉండేలా, తోక కూడా అదే గీత మీద వరుసలో ఉండేలా నిలబెట్టాం. ఇంజిన్ ఆఫ్, తాళం చెవి బయట, చక్రాలకు అడ్డుదిమ్మలు. విద్యార్థిని ఎడమ సీటులో తను ఎప్పుడూ కూర్చునే ఎత్తులోనే కూర్చుంది.

"అమ్మా, విమానం ఎటు చూస్తోందో ఆ దిక్కు అద్దం మీద వేలు పెట్టి చూపించు."

"ఇదిగో సార్, ఇక్కడ." వేలు తిన్నగా ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) నడి మధ్యకు పోయింది.

కేసు మొత్తం ఆ వేలి దగ్గర ఉంది. 172లో ఎడమ సీటు విమానం నడిరేఖకు దాదాపు పావు మీటరు ఎడమకు ఉంటుంది. కౌలింగ్ ముందు అంచు కంటికి సుమారు రెండు మీటర్ల దూరం. అంటే కంటి నుంచి కౌలింగ్ మధ్యకు గీసిన గీత విమానం చూసే దిక్కుకు ఆరేడు డిగ్రీలు కుడికి పోతుంది. కౌలింగ్ మధ్యను రన్‌వే చివర మీద పెడితే విమానం ఆరేడు డిగ్రీలు ఎడమకు చూస్తున్నట్టు. స్కూటీ నడిపే అలవాటున్న కంటికి ఇది సహజం. అక్కడ ముందు చక్రం, కన్ను ఒకే గీత మీద ఉంటాయి.

ఇప్పుడు అంకెలు వేసి చూడండి. 65 నాట్ల వేగంలో 10 నాట్ల పక్కగాలికి సెంటర్‌లైన్ మీద నిలవాలంటే క్రాబ్ తొమ్మిది డిగ్రీలు. ఎడమ గాలిలో ముక్కు తొమ్మిది డిగ్రీలు ఎడమకు ఉంటుంది. ఆమె చూసే గీత ఏడు డిగ్రీలు కుడికి. కాబట్టి కౌలింగ్ మధ్య రన్‌వే చివరకు రెండు డిగ్రీల పక్కన కనిపిస్తుంది. ఆమె కంటికి విమానం తిన్నగానే ఉంది. తొక్కడానికి కారణమే లేదు, తొక్కలేదు. కుడి గాలిలో తొమ్మిదికి ఏడు కలిసి పదహారు. ముక్కు ఘోరంగా పక్కకు ఉన్నట్టు కనిపిస్తుంది. కౌలింగ్ మధ్య రన్‌వేకు చేరేదాకా ఎడమ పెడల్ తొక్కింది, ముక్కు ఎడమకు దాటిపోయింది. రెండు రోజులూ ఆమె కాళ్లు కన్ను చెప్పినట్టే చేశాయి. ఇలాంటి విద్యార్థికి "కాళ్లు బద్ధకం" అని రాస్తే తగ్గేది ఏమీ ఉండదు.

ఆమె ఎత్తు ఐదడుగుల పైన ఒక అంగుళం. 172ఎస్ సీటు పైకి కిందికి జరుగుతుంది. ఎప్పుడూ అది కిందనే ఉంది, ఎందుకంటే పెడల్ అందడం ముఖ్యమనుకుంది. సీటు కిందకుంటే ప్యానెల్ అంచు మీదుగా కౌలింగ్ మధ్యలోని ఉబ్బు ఒక్కటే కనిపిస్తుంది, కన్ను దాన్నే పట్టుకుంటుంది. సీటును పైకి తిప్పి, వీపు వెనక గట్టి దిండు వేసి ముందుకు జరిపితే పెడల్ చివరిదాకా అందింది, కౌలింగ్ అంచు మొత్తం కనిపించింది. దిండు మెత్తనిదైతే ఫుల్ బ్రేక్ వేసినప్పుడు నలిగి కాలు వెనక్కి పోతుంది, గట్టిదే వేయాలి. సీటు జరిపాక పట్టాలో పిన్ను పడిందో లేదో ముందుకూ వెనక్కూ ఊగి చూడాలి. సెస్నాలో ఇది మర్యాద కోసం చేసే పని కాదు. ఎగిరేటప్పుడు సీటు వెనక్కి జారితే చేతిలోని యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) కూడా వెంట వస్తుంది.

తర్వాత గుర్తు. పసుపు గీతకు సమాంతరంగా, ఆమె కంటికి కింద పడే గీత మీద, 50 మీటర్ల ముందు ఒక కోన్ పెట్టాం. ఒకరు బయట నిలబడి టేపుతో కొలిచి పసుపు గీతకు పావు మీటరు ఎడమకు జరిపారు. కోన్ కనిపించే చోట అద్దం మీద గ్రీజు పెన్సిల్‌తో చుక్క. చుక్కకు తిన్నగా కౌలింగ్ ఎడమ భుజం మీద ఒక స్క్రూ పడింది. ఇకనుంచి ముక్కు అంటే ఆ స్క్రూ. అద్దం మీద మార్కర్ వాడొద్దు, తుడిచే మందు యాక్రిలిక్‌ను పాడుచేస్తుంది. గ్రీజు పెన్సిల్ మెత్తని గుడ్డతో పోతుంది.

గాలిలో సరిదిద్దిన తీరు

సాధారణ ల్యాండింగ్‌లో ఫ్లేర్ నాలుగైదు సెకన్లే. సాయంత్రమంతా సర్క్యూట్లు తిరిగినా విద్యార్థికి క్రాస్‌విండ్ చేతికి అందే సమయం నిమిషం కూడా ఉండదు. గన్నవరం రన్‌వే మూడు కిలోమీటర్లకు పైన ఉండటం ఇక్కడ వరం. టవర్ అనుమతితో లో అప్రోచ్ తీసుకుని, చక్రాలు తగలకుండా పది అడుగుల ఎత్తులో రన్‌వే పొడవునా పోతే ఒకే సారికి దాదాపు నిమిషం దొరుకుతుంది. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) 10 డిగ్రీలు, స్పీడ్ 70 నాట్లు, పవర్ 1,900 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య, బరువును బట్టి. థ్రాటిల్ మీద ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ఎప్పుడూ ఉండాలి. పాసింజర్ విమానాల మధ్య దొరికే ఖాళీలోనే ఇది చేయాలి కాబట్టి టవర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఒక మాట పక్కకు. ఏ320 దిగిన వెనక సెస్నా దిగాలంటే మూడు నిమిషాల ఎడం లెక్క. ఒకటి నుంచి ఐదు నాట్ల లేత పక్కగాలి ఉన్న రోజున ఇంకా జాగ్రత్త. పెద్ద విమానం రెక్కల సుడుల్లో గాలి వచ్చే వైపు సుడిని ఆ లేత గాలి పోనివ్వకుండా సరిగ్గా రన్‌వే మీదే ఆపుతుంది. బలమైన గాలి అయితే తోసేస్తుంది.

పనులను విడదీసి నేర్పాం. మొదటి పాస్‌లో ఆమెవి కాళ్లు మాత్రమే: చుక్కను రన్‌వే చివర మీద పెట్టి ఉంచాలి. రెక్కలూ ఎత్తూ ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటారు. గాలికి విమానం పక్కకు కొట్టుకుపోతుంటే పోనివ్వాలి, ఆమెకు సంబంధం లేదు. రెండో పాస్‌లో కాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌వి, పక్కవాలు ఆమెది: సెంటర్‌లైన్ మీద నిలబెట్టాలి, కుడికి కావాలంటే కుడి రెక్క దించాలి. మూడో పాస్‌లో రెండూ. ఆ తర్వాత కావాలనే సెంటర్‌లైన్ వదిలి కుడి అంచు లైట్ల దాకా, అక్కడినుంచి ఎడమకు, ముక్కు మాత్రం కదలకుండా జరపమన్నాం. 45 మీటర్ల వెడల్పు రన్‌వే ఉన్నచోట ఇది నిర్భయంగా చేయవచ్చు. రడ్డర్‌తో ముక్కు, ఏలెరాన్‌తో (యోక్ తిప్పితే కదిలి రెక్కను వాల్చే పలకతో) చోటు. ఈ రెండు పనులు ఏ కాలుచేతులవో ఒంటికి ఎక్కాక మిగతాది తొందరగా వస్తుంది.

అందరికీ అడ్డుపడేది బాల్, అంటే విమానం పక్కకు జారుతోందో లేదో చూపే గుర్తు (జీ1000లో అది తెర మీద చిన్న పట్టీ). నెలల తరబడి బాల్ మధ్యలో ఉంచమని నేర్పి, ఇప్పుడు దాన్ని పక్కకు పోనివ్వమంటాం. కుడి రెక్క దించి ఎడమ రడ్డర్ తొక్కితే బాల్ కుడికి పోతుంది, అది సరైనదే. ఆమె కన్ను దాని మీదకు పోతుంటే ఒక చిన్న కాగితం ముక్కతో దాన్ని కప్పేశాం.

ఫైనల్ పద్ధతి ఇలా కుదిరింది: పైన క్రాబ్‌తోనే రావడం, 300 అడుగుల దగ్గర వింగ్ లో (గాలి వైపు రెక్క దించి, ఎదురు రడ్డర్‌తో ముక్కు తిన్నగా ఉంచడం) పెట్టడం. ఆరితేరినవాళ్లు ఫ్లేర్ దాకా క్రాబ్ ఉంచి చివరి క్షణంలో తీసేస్తారు; విద్యార్థికి ఆ క్షణం అందదు. 300 దగ్గర పెడితే సర్దుకోవడానికి అర నిమిషం దొరుకుతుంది. వింగ్ లోతో డ్రాగ్ పెరిగి దిగే వేగం పెరుగుతుంది, వంద ఆర్‌పీఎం కలపాలి. అన్నిటికంటే, 300 అడుగుల దగ్గరే పరీక్ష అయిపోతుంది. పెడల్ పూర్తిగా తొక్కినా చుక్క రన్‌వే మీదకు రాకపోతే ఆ గాలి ఆ విమానానికి మించినది. ఇంక వాదన లేదు, గో ఎరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకెక్కడం).

ఫ్లాప్స్ 20 దాటించలేదు. 172ఎస్ మాన్యువల్ ఇరవైకి మించి ఫ్లాప్స్ పెట్టి గట్టి స్లిప్ (ఒక రెక్క దించి ఎదురు రడ్డర్ తొక్కడం) చేయొద్దంటుంది, ఎలివేటర్ (ముక్కును పైకి కిందికి కదిపే తోక పలక) ఊగులాడవచ్చు. 30 పెడితే గాలికి పట్టే వైశాల్యం కూడా ఎక్కువ, దిగాక రెక్క లేస్తుంది. 10తో అయితే ఎండలో విమానం తేలుతూ పోతుంది. ఇరవై, 65 నాట్లు, గస్ట్ ఉంటే సగటుకూ గస్ట్‌కూ ఉన్న తేడాలో సగం కలపాలి. 10 సగటు, 18 గస్ట్ అయితే నాలుగు, అంటే 69. అంతకు మించి "సేఫ్టీకి" అని కలిపే ప్రతి నాటూ ఫ్లోట్ (దిగకుండా తేలుతూ పోవడం) అవుతుంది, ఫ్లోట్ అయిన ప్రతి సెకనూ గాలి తోసుకుంటుంది. అంతేకాక వేగంగా దింపితే ముందు చక్రం ముందుగా తగిలి, వెనక చక్రాల మీద బరువు పడక విమానం పక్కకు తిరుగుతుంది.

కిందికి వచ్చేకొద్దీ గాలి తగ్గుతుంది, దిక్కు కూడా కొద్దిగా మారుతుంది. కాబట్టి 300 అడుగుల దగ్గర పట్టిన వాలు 50 దగ్గర ఎక్కువైపోతుంది, తగ్గించాలి. ఫ్లేర్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. వేగం పడిపోయి ఏలెరాన్, రడ్డర్ రెండూ మెత్తబడతాయి, అదే వాలుకూ అదే ముక్కుకూ ఇంకా ఎక్కువ తిప్పాలి, ఇంకా ఎక్కువ తొక్కాలి. విద్యార్థులు ఒక కొలత పట్టుకుని దాన్నే గట్టిగా ఉంచేస్తారు, ఇక్కడ దొరికిపోతారు.

రెండో తప్పు

ముక్కు సరిపోయాక కింద దాగిన రెండో తప్పు కనిపించింది. కుడి చక్రం తగలగానే ఆమె యోక్ మధ్యకు తెచ్చేసేది. గాలి లేని ఉదయాల్లో తగలడం అంటే పని అయిపోవడం, చేతికి అదే అలవాటు. పక్కగాలిలో చక్రం తగిలాక ఏలెరాన్ వదిలితే గాలి వైపు రెక్క లేస్తుంది. 172ది పై రెక్క, దాని కింద గాలి దూరడానికి చోటు చాలా. రెక్క లేచిందంటే ఆ వైపు టైరు మీద బరువు పోయింది, బ్రేక్ వేస్తే అది జారి అరిగిపోతుంది. లాగ్‌లో అడ్డంగా పడే త్వరణం టచ్‌డౌన్ తర్వాత సెకనులో ఎగబాకుతుంటే కారణం ఇదే.

చెయ్యి అలవాటు మాన్పించడానికి నోటికి పని పెట్టాం. "కుడి... ఎడమ... ముక్కు" అని చక్రాలు తగిలినప్పుడల్లా పైకి చెప్పాలి, ఒక్కో మాటకు యోక్ ఇంకాస్త కుడికి తిప్పాలి. ముక్కు తగిలేసరికి దాదాపు చివరిదాకా, టాక్సీ వేగానికి వచ్చేసరికి పూర్తిగా. మాట ఆగితే చెయ్యి ఆగినట్టు, ఇన్‌స్ట్రక్టర్‌కు అటు చూడకుండానే తెలుస్తుంది.

కాలి సంగతి వేరు. ముందు చక్రం గాలిలో ఉన్నప్పుడు స్ట్రట్ (చక్రం మీది షాక్ అబ్జార్బర్ కాడ) సాగి ఉండి చక్రం తిన్నగా లాక్ అయి ఉంటుంది. నేల తగిలి స్ట్రట్ నొక్కుకోగానే లాక్ విడిపోయి, పెడల్ ఎటుంటే చక్రం అటు తిరుగుతుంది. కుడి గాలికి ఎడమ పెడల్ లోతుగా తొక్కి ఉంచి ముక్కు వేస్తే విమానం ఒక్కసారిగా ఎడమకు ఈడుస్తుంది. కాబట్టి ముక్కును ఎత్తిపట్టి వేగం తగ్గనిచ్చి, దింపే క్షణానికి పెడల్ మధ్యకు దగ్గరగా తేవాలి. యోక్ పెరుగుతూ పోవాలి, పెడల్ తగ్గుతూ రావాలి. ఈ రెండూ ఎదురుబొదురు కదలడం ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంది.

గో ఎరౌండ్‌లోని ఉచ్చు

కుడి గాలిలో దిగుతూ గో ఎరౌండ్ చేయాల్సి వస్తే చేతులు కాళ్లు ఎలా ఉంటాయో గమనించండి: కుడి రెక్క కింద, ఎడమ రడ్డర్ లోపల, వేగం తక్కువ. ఆ స్థితిలో థ్రాటిల్ మొత్తం తోస్తే ప్రొపెల్లర్ కూడా ముక్కును ఎడమకే లాగుతుంది. తొక్కి ఉన్న ఎడమ పెడల్, దానికి ఇంజిన్ తోడు. ముక్కు రన్‌వే వదిలి పచ్చిక వైపు తిరుగుతుంది. అందుకే వరుస కచ్చితంగా ఉండాలి: థ్రాటిల్ తోస్తూనే రెక్కలు సమం, ఎడమ కాలు తీసి కుడి కాలు, బాల్ మధ్యకు, ఫ్లాప్స్ 20 వద్దే, 60 నాట్లు, ఎక్కుతున్నామని తేలాక ఫ్లాప్స్ 10, తర్వాత సున్నా. ఎత్తు ఎక్కాక మళ్లీ క్రాబ్. ముందుగా 3,000 అడుగుల ఎత్తులో, పొలాల మధ్య తిన్నగా పోయే రోడ్డునే రన్‌వే అనుకుని, స్లిప్‌లోంచి గో ఎరౌండ్ చేయించాం. కింద చేయించింది ఆ తర్వాతే.

ఎప్పుడు చేయాలన్న దానికి హద్దులు ముందే చెప్పాలి. త్రెషోల్డ్ (రన్‌వే మొదలు) దాటే సమయానికి ముక్కు, దారి ఒకటి కాకపోతే, ఫ్లేర్‌లో సెంటర్‌లైన్ విమానం బొడ్డు కింద నుంచి బయటికి పోతే, మొదటి బౌన్స్‌కే. బౌన్స్ తర్వాత గాలిలో ఉన్న ఆ రెండు సెకన్లలో విమానం పక్కకు కొట్టుకుపోతుంది, రెండో తగలడం ఎప్పుడూ మొదటిదాని కంటే అడ్డంగా ఉంటుంది.

మళ్లీ వెనక్కి

అంతా దారిలో పడిందనుకున్న సాయంత్రం పాత తప్పు మొత్తం తిరిగొచ్చింది. లాగ్‌లో ముక్కు ఐదు డిగ్రీలు ఎడమకు. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు: విమానం మారింది. ఈ రెండో 172 అద్దం మీద చుక్క లేదు, సీటు కిందికి దించి ఉంది. ఆమె దాన్ని అలాగే వదిలి ఎక్కింది.

చుక్క ఊతకర్ర, దాన్ని ఎప్పటికీ ఉంచుకోలేం. అప్పటినుంచి కన్ను పెట్టే చోటు మార్చాం. ఫ్లేర్‌లో రన్‌వే చివర చూడాలి. రెండు అంచుల గీతలు తన ఒంటికి ఎటు ఎంత వంగి కనిపిస్తున్నాయో గమనించాలి. సెంటర్‌లైన్ తన కుడి తొడ లోపలి అంచు కిందుగా వెనక్కి పోతున్నట్టుండాలి. కౌలింగ్ కంటి అంచుల్లోకి పోవాలి. మొదట చుక్కను సగం చేశాం, తర్వాత గాలి లేని ఉదయం చుక్క లేకుండా, ఆ తర్వాత పైరగాలిలో. ఏ విమానం ఎక్కినా ముందు చేయాల్సిన పని ఒకటి ఆమె చెక్‌లిస్ట్‌లో కలిసింది: టాక్సీవే పసుపు గీత మీద తిన్నగా పోతున్నప్పుడు, ఆ గీత ఎదురుగా అద్దంలో ఎక్కడ పడుతోందో చూసుకోవడం. దీనికి ఖర్చు లేదు, టేపు అక్కర్లేదు, ప్రతి ఫ్లైట్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడున్న స్థితి

08 మీద కుడి గాలి 9 నాట్లలోనూ, 26 మీద ఎడమ గాలి 8 నాట్లలోనూ హెడింగ్, ట్రాక్ తేడా రెండు డిగ్రీల లోపలే ఉంటోంది. గాలి వైపు చక్రం ముందు తగులుతోంది. ఏలెరాన్ వదలడం పోయింది. గస్ట్‌లో మాత్రం ఇంకా తడబాటు ఉంది. గాలి ఒక్కసారి తగ్గినప్పుడు వాలు తగ్గించడం ఆలస్యమై కుడికి జారుతోంది. అది చెప్తే వచ్చేది కాదు, గంటలు ఎగిరితేనే వస్తుంది.

172ఎస్ మాన్యువల్‌లో ఉన్న 15 నాట్లు తయారీదారు పైలట్ చేసి చూపించిన అంకె, విమానానికి గీసిన హద్దు కాదు. దాన్ని విద్యార్థి హద్దుగా రాయడం ఇంకా పెద్ద తప్పు. ఈ విద్యార్థినికి సోలో హద్దు పక్కగాలి 8 నాట్లు, గస్ట్ చెప్తే సోలో లేదు, డ్యూయల్‌లో (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి) 12 దాకా. మూడు వారాల కంటే ఎక్కువ విరామం వస్తే హద్దు ఐదుకు దిగుతుంది, ఒక డ్యూయల్ సర్క్యూట్ తర్వాత మళ్లీ పెరుగుతుంది.

మల్టీ ఇంజిన్ శిక్షణకు తీసుకునే ఇన్‌స్ట్రక్టర్‌కు రాసి పంపిన నోట్‌లో మూడు మాటలున్నాయి. ముక్కు ఎటుందో అడిగి వేలు పెట్టించండి, సీటు ఎత్తు మీరే చూడండి. రిమార్కులో రన్‌వే నంబర్ రాయండి.